భారీ యంత్రాల ఆపరేటర్లకు శిక్షణ, సామర్థ్య పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్షా, గడ్‌చాందూర్ ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు, బొగ్గు గనులు, కాగితపు మిల్లు, వాటిని నమ్ముకున్న గోదాములు, వర్క్‌షాపులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కనుక ఇక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు నుంచి పని కోసం వచ్చేవారు వీరికి తోడవుతారు. వీరిలో ఫోర్క్‌లిఫ్ట్, హైడ్రా (సరుకును ఎత్తి పట్టుకుని నడిచే క్రేన్), జేసీబీ, ఓవర్‌హెడ్ క్రేన్ నడిపేవారు, నడపాలనుకునేవారు, వారిని పనికి పెట్టుకునే గుత్తేదారులు శిక్షణ సమయంలో మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము.

నాకు హెవీ లైసెన్సు ఉంది. ఫోర్క్‌లిఫ్ట్, జేసీబీ నడపడానికి అది చాలదా?

చాలదు. ఆర్టీఓ కార్యాలయం ఇచ్చే లైసెన్సు 1988 మోటారు వాహనాల చట్టం కింద ప్రజలు తిరిగే రోడ్డు మీద వాహనం నడపడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. జేసీబీని రోడ్డెక్కించాలంటే లైసెన్సు కావలసిందే. కానీ ఆ లైసెన్సు కోసం పెట్టే పరీక్షలో ఎవరూ మిమ్మల్ని కందకం తవ్వమని, బరువు ఎత్తి ర్యాక్ మీద పెట్టమని అడగరు. పైగా లారీతో వచ్చిన చేతి అలవాటు కొన్నిచోట్ల ఎదురు తిరుగుతుంది. లారీ ముందు చక్రాలతో మలుపు తిరిగితే ఫోర్క్‌లిఫ్ట్ వెనుక చక్రాలతో తిరుగుతుంది, అందువల్ల మలుపులో దాని వెనుక భాగం బయటికి విసురుగా వస్తుంది. పదిహేనేళ్ళు లారీ నడిపినవారు కూడా మొదటి రోజు ఫోర్క్‌లిఫ్ట్ తోకతో ర్యాక్ స్తంభాన్ని తాకించడం మాకు మామూలు దృశ్యం. స్తంభం స్థానంలో మనిషి ఉండకూడదనే మొదటి రోజు శిక్షణ ఖాళీ మైదానంలో, ప్లాస్టిక్ కోన్ల మధ్య జరుగుతుంది.

శిక్షణ తప్పనిసరి అని చట్టంలో ఎక్కడ ఉంది?

కర్మాగారాలకు 1948 ఫ్యాక్టరీల చట్టం చాలాకాలం ఆధారంగా నిలిచింది. 1987లో దానికి చేర్చిన 7ఎ సెక్షన్, కార్మికుల భద్రతకు అవసరమైన సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ కల్పించే బాధ్యతను కర్మాగార అధిభోక్త (కర్మాగారం మీద అంతిమ నియంత్రణ ఉన్న వ్యక్తి) మీద పెట్టింది. అప్పుడే వచ్చిన 111ఎ సెక్షన్ శిక్షణ పొందడాన్ని కార్మికుడి హక్కుగా గుర్తించింది. క్రేన్లు, గొలుసులు, స్లింగుల (సరుకును కొక్కేనికి తగిలించే తాళ్ళు, పట్టీలు) వంటి వాటిని 12 నెలలకు ఒకసారైనా అర్హత గల వ్యక్తి చేత క్షుణ్ణంగా తనిఖీ చేయించాలని, సురక్షిత భారానికి మించి వాటితో ఎత్తరాదని, క్రేన్ పట్టాల మీద లేదా దగ్గర మనిషి పనిచేస్తున్నప్పుడు క్రేన్ అతనికి 6 మీటర్ల లోపలికి రాకుండా చూడాలని 29వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. కోడ్‌కు విరుద్ధం కాని పాత నియమాలు, వాటి స్థానంలో కొత్తవి వచ్చేదాకా కొనసాగుతాయి. మహారాష్ట్రలో కర్మాగారాల తనిఖీని పారిశ్రామిక భద్రత, ఆరోగ్య సంచాలనాలయం చూస్తుంది, దాన్ని అందరూ పొట్టిగా 'డిష్' అంటారు.

గని గేటు దాటితే సంగతి వేరు. అక్కడ అధికారం ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌ది, శిక్షణకు 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు ఆధారం. కాబట్టి సిమెంటు కర్మాగారంలో తీసుకున్న పత్రం చూపించి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ ఎక్కుతామంటే కుదరదు.

శిక్షణ ఎన్ని రోజులు పడుతుంది?

రోజుల లెక్క అడగడం సహజమే కానీ అన్ని యంత్రాలకూ, అందరు మనుషులకూ సరిపోయే ఒకే సంఖ్య చెప్పడం నిజాయితీ కాదు. ఎప్పుడూ యంత్రం ముట్టని వ్యక్తికీ, అదే రకం యంత్రం వేరే కంపెనీలో నడిపి వచ్చిన వ్యక్తికీ తేడా ఉంటుంది. శిక్షణ మూడు మెట్లలో ఉంటే చాలు: యంత్రం గురించి, ప్రమాదాల గురించి తరగతి; ఖాళీ స్థలంలో అభ్యాసం; ఆ తర్వాత అసలు పనిచేసే చోట, పర్యవేక్షకుడు పక్కన ఉండగా కొంతకాలం పని. చాలాచోట్ల ఈ మూడో మెట్టునే ఎగ్గొడతారు. వేసవిలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి కనుక మైదానంలో అభ్యాసాన్ని ఉదయం పూటే ముగించడం మంచిది. వేడికి తల తిరుగుతున్న మనిషికి నేర్పినది నిలవదు.

తరగతిలో కూర్చోబెట్టి ఏం చెబుతారు? నడపడం చేతితో వచ్చేది కదా?

నడపడం చేతితో వస్తుంది, బోల్తా పడకుండా నడపడానికి మాత్రం లెక్క కావాలి. ఫోర్క్‌లిఫ్ట్ ఒక తరాజు లాంటిది. ముందు చక్రాలు దాని ఇరుసు. ఒకవైపు ఫోర్కుల (సరుకు కింద దూర్చే రెండు ఇనుప పళ్ళు) మీది సరుకు, రెండోవైపు వెనుక బిగించిన ఇనుప దిమ్మ. నాలుగు చక్రాల బండి అయినా అది నిజానికి మూడు చోట్లే ఆనుకుని ఉంటుంది: రెండు ముందు చక్రాలు, వెనుక ఇరుసు మధ్యలో ఉన్న కీలు. ఈ మూడింటినీ కలిపితే వచ్చే త్రిభుజం దాటి బరువు కేంద్రం బయటికి వెళ్తే బండి పడిపోతుంది.

యంత్రం ఎంత ఎత్తగలదో చెప్పే సామర్థ్య పలక మీద '3000 కిలోలు, 500 మిల్లీమీటర్లు' అని ఉందనుకుందాం. ఫోర్కు మడమ (ఫోర్కు నిటారుగా వంగే మూల) నుంచి సరుకు బరువు కేంద్రం అర మీటరు దూరంలో ఉంటేనే 3 టన్నులు ఎత్తవచ్చని దాని అర్థం. ఇప్పుడు 1.4 మీటర్ల పొడవైన పెట్టె వచ్చింది, దాని బరువు కేంద్రం 700 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కు మడమకు 450 మిల్లీమీటర్లు అనుకుంటే, 3000ను 950తో గుణించి 1150తో భాగించాలి. సుమారు 2,480 కిలోలు వస్తుంది. పెట్టె పొడవు పెరిగినంత మాత్రాన అర టన్ను సామర్థ్యం పోయింది. మాస్టు (ఫోర్కులను పైకీ కిందికీ నడిపే నిలువు చట్రం) పైకి లేచేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే; పనిలో నమ్మవలసింది ఆ యంత్రం మీద బిగించిన పలకనే, అది చెరిగిపోయి ఉంటే ఆ యంత్రాన్ని వాడకూడదు.

దీనితోపాటు కొన్ని అలవాట్లు నూరిపోస్తాము. సరుకుతో కదిలేటప్పుడు ఫోర్కులు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, మాస్టు వెనక్కి వంచి ఉండాలి, వాలు మీద సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. అంటే సరుకుతో దిగేటప్పుడు వెనక్కి నడపాలి.

స్లింగు వేసేది హెల్పరు కదా, క్రేన్ ఆపరేటర్‌కు ఆ సంగతి ఎందుకు?

తెగితే ఇద్దరికీ తెగుతుంది. రెండు కాళ్ళ స్లింగుతో 2 టన్నుల బరువు ఎత్తేటప్పుడు కాళ్ళు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద 1 టన్ను పడుతుంది. కాళ్ళ మధ్య కోణం 60 డిగ్రీలు అయితే 1.15 టన్నులు, 90 అయితే 1.41, 120 అయితే ఏకంగా 2 టన్నులు. బరువు అదే అయినా పొట్టి స్లింగు వేసి కాళ్ళు విడదీసినందుకు ఒక్కో కాలూ మొత్తం బరువును మోస్తోంది.

ఈ అంకెలను బోర్డు మీద రాస్తే తలలు ఊగుతాయి, మరునాటికి మరిచిపోతారు. అందుకే నిండు నీళ్ళ బకెట్టును ఇద్దరి చేత దగ్గరగా నిలబడి పట్టించి, తర్వాత చెరో అడుగు పక్కకు జరగమంటాము. రెండో అడుగుకు భుజాలు వణకడం మొదలవుతుంది, మూడో అడుగుకు బకెట్టు దించేస్తారు. ఆ తర్వాత ఎవరికీ కోణం గురించి మళ్ళీ చెప్పవలసిన పని ఉండదు.

పరీక్షలో ఏం చూస్తారు?

మూడు భాగాలు ఉంటాయి. మొదటిది ప్రశ్నలు: ఈ యంత్రం ఎంత ఎత్తుతుంది, ఎక్కడ రాసి ఉంది, బ్రేకు జారుతున్నట్టు అనిపిస్తే ఏం చేస్తారు వంటివి. రెండోది ఎక్కకముందు చేసే తనిఖీ. మూడోది పని: సరుకు ఎత్తడం, ఇరుకు దారిలో తీసుకెళ్ళడం, చెప్పినచోట దించడం, చివరికి ఫోర్కులు లేదా కొక్కెం నేలకు దించి, బ్రేకు వేసి, తాళంచెవి తీయడం. ఫలానా తప్పు చేస్తే పరీక్ష అక్కడితో ఆగిపోతుందని ముందే చెబుతాము: సీటుబెల్టు పెట్టుకోకపోవడం, ఎత్తిన సరుకు కింద మనిషిని రానివ్వడం, సామర్థ్యం చూడకుండా ఎత్తడం.

నా ఉద్దేశంలో రెండో భాగమే అసలు పరీక్ష. దాని కోసం యంత్రంలో ముందే ఒక లోపం ఉంచుతాము, ఎవరికీ చెప్పము. ఒకసారి హైడ్రా పరీక్షకు వచ్చిన కుర్రవాడు టైర్లు చూసి, నూనె కారుతోందేమోనని కింద వంగి చూసి, కొక్కెం దగ్గరికి వచ్చి ఆగాడు. కొక్కెం నోటికి అడ్డంగా ఉండవలసిన సేఫ్టీ లాచ్‌ను మేము తీగతో వెనక్కి కట్టేసి ఉంచాము. అతను దాన్ని వేలితో కదిపి చూసి, "సార్, గీ లాచ్ పనిజేస్తలేదు, నేను ఎత్త" అన్నాడు. పక్కన నిలబడిన అతని గుత్తేదారు "ఒక్క లిఫ్టే కదరా, కానియ్" అన్నాడు. కుర్రవాడు జవాబు చెప్పలేదు, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. సరుకు ఎత్తకుండానే ఆ భాగంలో అతనికి పూర్తి మార్కులు పడ్డాయి. అదే రోజు అతనికంటే నున్నగా, వేగంగా నడిపిన మరొకరు అదే లాచ్‌ను చూడకుండా దాటిపోయి తప్పారు. నడక అంత బాగున్నప్పుడు ఎందుకు తప్పించారని ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు.

నాకు చదవడం రాదు. పరీక్ష రాయగలనా?

రాయనవసరం లేదు, నోటితో చెప్పవచ్చు, తెలుగులోనే చెప్పవచ్చు. అయితే అంకెలు గుర్తుపట్టడం మాత్రం రావాలి, ఎందుకంటే సామర్థ్య పలక, క్రేన్ లోడ్ చార్టు, స్లింగు మీది ట్యాగు అన్నీ అంకెలే. అది రానివారికి ముందు అదే నేర్పుతాము, సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సిగ్నల్ ఇచ్చేవాడు మరాఠీ, ఆపరేటర్ తెలుగు. ఏ భాష వాడాలి?

ఈ సరిహద్దు ప్రాంతానికే చెందిన చిక్కు ఇది, తేలికగా తీసుకోరాదు. మరాఠీలో 'ఖాలీ' అంటే 'కిందికి' అని అర్థం. సిగ్నల్ మ్యాన్ "ఖాలీ, ఖాలీ" అని కేక వేస్తే సరుకు దించమంటున్నాడన్నమాట. కొత్తగా వచ్చిన తెలుగు ఆపరేటర్ చెవికి అది 'ఖాళీ'గా వినిపిస్తుంది, అంటే కింద ఎవరూ లేరు, దారి ఖాళీగా ఉంది, సాగిపొమ్మంటున్నారని అనుకుంటాడు. ఒకే మాటతో ఒకరు దించమంటుంటే మరొకరు జరుపుతారు.

అందుకే నోటి మాటను నమ్మవద్దని, చేతి సంజ్ఞలే వాడాలని చెబుతాము. ముంజేయి నిటారుగా ఎత్తి చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. చేయి కిందికి చాచి వేలు నేల వైపు పెట్టి తిప్పితే దించమని. చేయి పక్కకు చాచి అరచేయి నేలవైపు ఉంచి ముందుకీ వెనక్కీ ఊపితే ఆపమని. రెండు చేతులతో అలా చేస్తే తక్షణం ఆపాలి. సిగ్నల్ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి, అతను కనిపించకపోతే క్రేన్ ఆగిపోవాలి. ఆపమనే సంజ్ఞను మాత్రం ఎవరు ఇచ్చినా, దారిన పోయేవాడు ఇచ్చినా పాటించాలి. "ఆపు", "థాంబా", "రుకో" అనే మూడు మాటల్లో ఏది వినపడినా చేయి ఆగుతుందా లేదా అని పరీక్షలో చూస్తాము.

ఇరవై ఏళ్ళుగా జేసీబీ నడుపుతున్నాను. నాకూ పరీక్ష పెడతారా?

పెడతాము. శిక్షణ మొత్తం మళ్ళీ తీసుకోనవసరం లేదు. ముందే వచ్చిన పనిని పరీక్షించి గుర్తించే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది, ఈ రంగంలో మౌలిక వసతుల యంత్రాల స్కిల్ కౌన్సిల్ జేసీబీ, ఎక్స్‌కవేటర్, క్రేన్ ఆపరేటర్లకు ప్రమాణాలు నిర్ణయించింది. అనుభవం ఉన్నవారిలో మాకు కనిపించే లోపాలు నేర్పు లేక వచ్చినవి కావు, అలవాటు వల్ల వచ్చినవి. బకెట్‌లో మనిషిని నిలబెట్టి పైకి ఎత్తడం, ఇంజన్ ఆపకుండా కిందికి దిగడం, వెనక్కి తిరిగేటప్పుడు అద్దం ఒక్కదాన్నే నమ్మడం వంటివి ఇరవై ఏళ్ళు ఏమీ కాకపోతే తప్పులుగా అనిపించవు.

హైడ్రాతో జరిగే ప్రమాదాలే ఎక్కువగా వింటుంటాము. కారణం ఏమిటి?

హైడ్రా సరుకును ఎత్తడమే కాదు, ఎత్తి పట్టుకుని నడుస్తుంది. దాని పొడవాటి చేయి, అంటే బూమ్, ఆపరేటర్ చూపుకు అడ్డుపడుతుంది, వేలాడే సరుకు ఊగుతుంది. దాన్ని ఊగకుండా పట్టుకోవడానికి హెల్పర్ సరుకు మీద చేయి వేసి యంత్రం ముందు నడుస్తాడు, కాలు తడబడితే చక్రం కిందికే వెళతాడు. హెల్పర్ పక్కన, దూరంగా ఉండి, సరుకుకు కట్టిన తాడుతో దాన్ని అదుపు చేయాలి. బూమ్ వీలైనంత పొట్టిగా, సరుకు నేలకు వీలైనంత దగ్గరగా, నడక మనిషి నడక కంటే వేగం కాకుండా ఉండాలి. వానాకాలంలో ఇక్కడి నల్లరేగడి మరో ప్రమాదం: పైన ఆరినట్టు కనిపించే నేల చక్రం కింద కుంగుతుంది, ఒకవైపు కుంగిన యంత్రం బరువుతో సహా ఒరిగిపోతుంది. ఔట్‌రిగ్గర్లు (పక్కలకు చాచి నేలకు ఆనించే కాళ్ళు) ఉన్న క్రేన్ అయితే వాటి కింద మందపాటి చెక్క దిమ్మలు లేదా ఉక్కు పలకలు వేయకుండా ఆ నేల మీద ఎత్తరాదు.

ఆపరేటర్ టీకి వెళ్ళినప్పుడు హెల్పర్ యంత్రాన్ని కాస్త పక్కకు జరపవచ్చా?

జరపరాదు. తాళంచెవి యంత్రంలో వదిలి దిగిన ఆపరేటర్‌దీ తప్పే.

ఆడవాళ్ళు ఈ పని చేయవచ్చా?

చేయవచ్చు. 2020 కోడ్ ప్రకారం అన్ని సంస్థల్లో అన్ని రకాల పనుల్లో నియమితులయ్యే హక్కు మహిళలకు ఉంది. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కు ముందు పనిచేయాలంటే వారి సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. పరీక్ష అందరికీ ఒక్కటే.

నేను గుత్తేదారు దగ్గర పనిచేస్తున్నాను. శిక్షణ ఖర్చు, బాధ్యత ఎవరిది?

కర్మాగారం ఆవరణలో జరిగే పనికి సంబంధించినంతవరకు భద్రత బాధ్యత గుత్తేదారు పేరు చెప్పినంత మాత్రాన కర్మాగారం మీద నుంచి తొలగిపోదు. ఖర్చు వారిద్దరూ తేల్చుకోవాలి, కూలీ నుంచి కోయడం సరికాదు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒక గుత్తేదారు పన్నెండు మంది ఆధార్ నకళ్ళు పంపి, మనుషులను పంపకుండా, రేపటి గేట్ పాసులకు పన్నెండు ధ్రువపత్రాలు కావాలని అడిగాడు. మేము ఇవ్వలేదు, ఆయన మరెక్కడో తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. అటువంటి పత్రం మీ చేతికి వస్తే అది మీకు రక్షణ కాదని తెలుసుకోండి. ప్రమాదం జరిగిన రోజు అదే పత్రం మీకు అన్నీ తెలుసుననడానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

యంత్రం బాగాలేదని తెలిసీ నడపమంటే కాదనవచ్చా?

వెంటనే ప్రాణాపాయం లేదా తీవ్ర గాయం కలిగే అవకాశం ఉందని సహేతుకమైన భయం ఉంటే ఆ సంగతిని యజమాని దృష్టికి తీసుకువెళ్ళే హక్కు కోడ్ 14వ సెక్షన్‌లో ఉంది. నోటితో చెప్పి ఊరుకోకుండా రోజువారీ తనిఖీ పుస్తకంలో తేదీ, సమయం, లోపం రాసి సంతకం చేయండి. రాసిన లోపాన్ని చూడలేదని అనడం పర్యవేక్షకుడికి కష్టం.

యంత్రం ఒరిగిపోతున్నప్పుడు, కరెంటు తీగకు తగిలినప్పుడు ఏం చేయాలి?

ఫోర్క్‌లిఫ్ట్ ఒరిగితే దూకరాదు. దూకినవాడు పడుతున్న బండి కప్పు కిందికే వెళ్ళడం ఎక్కువ. బెల్టుతో సీటులోనే ఉండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి, బండి పడే వైపుకు వ్యతిరేకంగా ఒరగాలి. బూమ్ కరెంటు తీగకు తగిలితే కేబిన్‌లోనే కూర్చుని, ఎవరినీ దగ్గరికి రావద్దని అరిచి, వీలైతే యంత్రాన్ని తీగ నుంచి విడదీయాలి. మంటలు వస్తేనే దిగాలి; అప్పుడు కూడా యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు పాదాలూ కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నచిన్నగా జరుగుతూ దూరం వెళ్ళాలి. వీటిని ఆగి ఉన్న యంత్రంలో కూర్చోబెట్టి అభ్యాసం చేయిస్తాము, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు.

ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుందా?

చెల్లదు. అమెరికాలో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్లను మూడేళ్ళకు ఒకసారైనా తిరిగి పరీక్షించాలన్న నియమం ఉంది, ఇక్కడ కూడా చాలా పెద్ద కర్మాగారాలు తమ సొంత గడువులు పెట్టుకుంటాయి. గడువుతో నిమిత్తం లేకుండా నాలుగు సందర్భాల్లో మళ్ళీ పరీక్షించాలి: ప్రమాదం జరిగినా, తృటిలో తప్పినా; వేరే రకం యంత్రం ఇచ్చినా; పనిచేసే చోటు మారినా; చాలా నెలలు యంత్రానికి దూరంగా ఉన్నా. కంటి చూపు, వినికిడి పరీక్ష వేరు. నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నియమాలు అటువంటి యంత్రాల ఆపరేటర్లకు 40 ఏళ్ళ వరకు రెండేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత ఏటా వైద్య పరీక్ష చెప్పాయి. కర్మాగారాల్లోనూ దాన్ని పాటించడం మేలు.

తప్పితే ఏమవుతుంది?

ఎందుకు తప్పారో అదే రోజు, గుత్తేదారు లేనిచోట, మీ భాషలో చెబుతాము, కాగితం మీద కూడా రాసి ఇస్తాము. ఆ ఒక్క అంశంలో అభ్యాసం చేసి మళ్ళీ రావచ్చు. ఈలోగా యంత్రం ఎక్కించవద్దని యజమానికి తెలియజేస్తాము. తప్పినవారి వివరాలు కూడా పాసైనవారి వివరాలతో పాటు రికార్డులో ఉంటాయి: ఏ యంత్రం, ఏ నమూనా, ఎంత సామర్థ్యం, ఎక్కడ పరీక్షించాము, ఎవరు పరీక్షించారు, ఏ భాషలో ప్రశ్నలు అడిగాము అన్నవి అందులో రాస్తాము. మీ నకలు అడిగి తీసుకోండి, ఒరిజినల్‌ను గుత్తేదారు దగ్గర వదిలిపెట్టకండి.